మూట విప్పి చూసే మాబూబీ ఆపా

ఆదివారం పొద్దున మా హనుమకొండ సందులోకి ఒక ట్రాలీ ఆటో వస్తుంది. దాని మీద కట్టిన మైకులో "పాత ఇనుప సామాన్లు, పాత పేపర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు కొంటాం" అని రికార్డు చేసిన గొంతు ఊపిరి తీసుకోకుండా తిరుగుతూ ఉంటుంది. మొన్న అది వచ్చేసరికి మా ఆయన ఆరు నెలల పేపర్లు కట్టగట్టి గేటు దగ్గర పెట్టేశాడు. నేను చపాతీ పిండి చేతులతోనే పరుగెత్తి, తాడు విప్పి, ఒక్కొక్క పేపరూ దులపడం మొదలుపెట్టాను. తూకం వేయడానికి నిలబడ్డ ఆటో అతను వాచీ చూసుకున్నాడు. మా ఆయన అతనితో "జర ఆగు అన్నా, తనిఖీ అయినంక జోకుదువు" అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఈ పనికి చిరాకు పడేవాడు, ఇప్పుడు వేళాకోళం చేసి ఊరుకుంటున్నాడు. కట్టలోంచి గ్యాసు పుస్తకం ఒకటి బయటపడింది. అది దొరికిందన్న సంతోషం కంటే, ఎండకు వేడెక్కిన పాత కాగితం వాసన గుప్పుమని కొట్టడంతో నా మనసు మరోచోటికి పోయింది. ఆ వాసన తగిలితే నాకు మాబూబీ ఆపా పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. కొత్తవాడలో తివాచీలు నేసే ఇళ్ల మధ్య, ఒక సందు చివర ఆమె పాత సామాన్ల దుకాణం ఉండేది. వాడలో అందరికీ ఆమె ఆపా, అంటే అక్క. సన్నగా, పొడుగ్గా ఉండేది. బురఖా లోపల మేకుకు తగిలించి, చీర మీద చచ్చిపోయిన భర్త చొక్కా ఒకటి తొడుక్కుని పనిలోకి దిగేది. కళ్లజోడు ఒక కాడ విరిగిపోతే దారంతో చెవికి కట్టుకునేది. భర్త పోయాక వాళ్ల ఆచారం ప్రకారం నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా కూర్చుని, ఆ మర్నాడే దుకాణం తాళం తీసిందని ఆ వాడలో చెప్పుకునేవారు. ఆడమనిషి ఇనుము, సీసాలు ఏం అమ్ముతుందిలే అనుకున్నవాళ్లే, తర్వాత ఇంట్లో ఏ వస్తువు కనిపించకపోయినా ముందు ఆమె దగ్గరికే పరుగెత్తేవారు. ఎందుకు పరుగెత్తేవారో నాకు తెలియడానికి కొన్నాళ్లు పట్టింది, తెలిశాక కూడా బుద్ధి రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీ అమ్మాయిల ఖోఖో జట్టుకు కెప్టెన్‌ని. పన్నెండు మందిమి. జిల్లాలో మమ్మల్ని ఓడించినవాళ్లు లేరన్న పొగరు కొంచెం ఎక్కువగానే ఉండేది. ఆ ఏడు మైసూరులో జరిగే పోటీలకు రమ్మని మా జట్టుకు పిలుపు వచ్చింది. మాలో చాలామంది హైదరాబాదు దాటి ఎరగరు. నేనైతే రాత్రుళ్లు కళ్లు మూసుకుంటే చాలు, కాజీపేటలో రైలెక్కి కిటికీ దగ్గర కూర్చున్నట్టే ఉండేది. పీడీ సార్ మమ్మల్ని గ్రౌండులో నిలబెట్టి చల్లగా చెప్పారు.

"పిలుపొచ్చింది గని పైసలు రాలేదమ్మా. సగం ఖర్చు కాలేజీ పెట్టుకుంటది. కడుమది మీరే సూసుకోవాలె."

ఇంట్లో అడగడానికి సగంమందికి ధైర్యం లేదు. అడిగినవాళ్లకు "ఆడపిల్లవు, ఆటకోసం అంత దూరం ఎందుకు" అన్న మాట వచ్చింది. ఇంకా గట్టిగా అడిగితే ఉన్న ఆట కూడా మాన్పిస్తారని భయపడి నోరు మూసుకున్నాం. అప్పుడు మా జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తే భాగ్య అంది: "మా అటక మీద మా అన్న ఇంటర్ బుక్కులున్నయ్. వాడు ఎట్లాగు మల్ల చదువడు. అమ్ముదామా?" అలా మొదలైంది. హాస్టల్ గదుల్లో పాత నోటుబుక్కులు, లెక్చరర్ల ఇళ్లలో వారపత్రికలు, ఖాళీ నూనె డబ్బాలు, తుప్పు పట్టిన సైకిలు చక్రాలు, ఏది కనిపిస్తే అది అడిగి తెచ్చాం. బజార్లో ఒక కిరాణా సేటు అట్టపెట్టెలన్నీ మాకే ఇస్తానని మాటిచ్చి, బదులుగా వారం రోజులు తన దుకాణం ముందు మా చేత ఊడిపించుకున్నాడు. మా అమ్మ మొదటిరోజు గోనెసంచితో నన్ను చూసి తల కొట్టుకుంది. "డిగ్రీ చదువుతానవా, పాత సామాన్లేరుతానవా?" అంది. రెండోరోజు ఏమీ అనకుండా పగిలిన బకెట్ తెచ్చి నా చేతికిచ్చింది. ఆమె ఒప్పుకున్నట్టు నాకు అర్థమైంది.

మొదటిసారి ఆపా దుకాణానికి వెళ్లినప్పుడు, మూటలు అక్కడ పడేసి, డబ్బులు తీసుకుని ప్రాక్టీసుకు పోవచ్చనుకున్నాం. ఆమె మూటలను తూచే తరాజు దరిదాపులకు కూడా రానివ్వలేదు. చాప ఒకటి పరిచి, "కూసోండ్రి" అంది. మొదటి మూట తాడు విప్పింది. తెల్లకాగితం ఒక కుప్ప, న్యూస్ పేపర్ ఒక కుప్ప, రంగు కాగితం ఒకటి, అట్టలు ఒకటి. పుస్తకాల పిన్నులు గోటితో లాగి డబ్బాలో వేసింది. ఒక్కొక్క నోటుబుక్కును వెన్ను పట్టుకుని తలకిందులుగా దులిపింది. తాడుకు కట్టిన అయస్కాంతం ముక్క ఒకటి ఆమె మెడలో వేలాడుతుండేది. గిన్నె మీద దాన్ని ఆనించి, అంటుకుంటే ఇనుము వైపు, లేకపోతే సిల్వర్ వైపు తోసేది. నాకు ఓపిక నశించింది.

"ఆపా, అంతా కలిపి జోకరాదు? మాకు ఆటకు టైమైతాంది" అన్నాను.

"కలిపి జోకితే కలిపిన రేటే వస్తది. ఏరితే మీకే మంచిది." ఆమె చేతులు ఆగలేదు. "అయినా ఇప్పకుండ నేనేదీ కొనను బిడ్డా. ఇచ్చినోళ్లకు ఏమిచ్చిన్రో తెల్వదు. తీసుకున్నోళ్లకన్న తెల్వాలె."

ఆ మాట మీద భాగ్య నా వైపు చూసి కన్నుగీటింది. ముసలమ్మకు చాదస్తం అని మా ఇద్దరి భావం. పావుగంట కూడా గడవలేదు. భాగ్య వాళ్ల అన్న ఇంటర్ పుస్తకాల్లో ఒకదాన్ని ఆపా దులిపితే నాలుగు మడతలు పెట్టిన కాగితం రాలింది. విప్పి, కళ్లజోడు సరిచేసుకుని, అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"భాగ్యలక్ష్మి అంటే ఎవలు మీల?"

అది భాగ్య పదో తరగతి మార్కుల మెమో. డిగ్రీ కాలేజీలో జిరాక్సుతో నెట్టుకొస్తూ, అసలుది పోయిందని రెండేళ్లుగా ఇంట్లో తన్నులు తింటోంది. పిల్ల మొహం తెల్లబోయింది. ఆపా ఆ కాగితాన్ని ఆమె చేతికిచ్చి, "మార్కులు మంచిగనే వచ్చినయ్ గద, ఎందుకు దాసినవ్?" అంది. అందరం పడీపడీ నవ్వాం. భాగ్య మాత్రం ఆ రోజు దుకాణం మూసేదాకా కూర్చుని పిన్నులు పీకుతూనే ఉంది. ఆపా దగ్గర ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో ఆమెకు దొరికినవన్నీ దాచేది. రేషన్ కార్డులు, దవాఖాన చీటీలు, ఎవరిదో చిన్ననాటి ఫోటో, ఇంటి పట్టా కాగితం. ఒక్కొక్కదాని మీద అది ఏ వాడనుంచి వచ్చిన మూటలో దొరికిందో పెన్సిలుతో రాసుకునేది. తీసుకుపోయి ఇస్తే అందరూ సంతోషిస్తారా అని నేనడిగాను. "కొందరు ఛాయ్ పోస్తరు. కొందరు నేనే దొంగిలించిన అనుకుంటరు. ఏమన్ననీ, వాళ్లది వాళ్లకు పోవాలె గద" అంది.

ఆ నెలన్నరలో వారానికి మూడుసార్లయినా అక్కడికి పోయేవాళ్లం. కాగితాన్ని వేళ్ల మధ్య రుద్ది తడి ఉందో లేదో చెప్పడం, సీసా మూతి చుట్టూ వేలు తిప్పి పగులు పట్టుకోవడం మాకూ వచ్చేసింది. ఒకరోజు ఆపా బురఖా వేసుకుని మా గ్రౌండుకు వచ్చింది. అంత కష్టపడి ఏం ఆడతారో చూడాలనిపించిందట. ఒకరు తరుముతుంటే ఎనిమిదిమంది వరుసగా కూర్చుని ఉండటం ఆమెకు ఎంతకూ మింగుడుపడలేదు. "కూసున్నోళ్లంత ఏం జేస్తాన్రు?" అని అడిగింది. వెనకనుంచి వచ్చి వీపు మీద తట్టి ఖో అంటేనే లేవాలని, అప్పటిదాకా లేచేందుకు సిద్ధంగా కూర్చోవడమే వాళ్ల ఆట అని చెప్పాను. కొంచెంసేపు చూసి, "అయితే కూసున్నోళ్లకే ఎక్కువ కష్టం" అంది. మా పీడీ సార్ ఆ మాటను మూడేళ్లు ప్రతి కొత్త బ్యాచికీ చెప్పారు, తనే కనిపెట్టినట్టు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. రైలు టికెట్లకు డబ్బు కట్టాల్సిన రోజు దగ్గరపడింది. ఇంకా కొంచెం తక్కువ పడుతోంది. ఆ సమయంలో ఊరి బయట ఒక గోదాం గురించి తెలిసింది. అక్కడ ఏరకపోయినా, విప్పకపోయినా, మూటలు మూటలుగానే జోకి మంచి రేటు ఇస్తారు. మిషన్లో నొక్కి, ఇనుప పట్టీలు వేసి, లారీలో కాగితం మిల్లుకు పంపుతారు. ఆ మాట విన్నప్పుడే నా మనసులో నిర్ణయం అయిపోయింది. ఆఖరిసారిగా కొత్తవాడ అంతా ఇల్లిల్లూ తిరిగి సేకరించి, ఒకే దెబ్బలో పని ముగించాలనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం సాంబయ్య తాత ఇంటికి వెళ్లాం. అప్పటికి ఆయన ఎవరో కూడా నాకు తెలియదు. తలుపు తీసింది ఆయన కోడలు రాధిక. ధర్మసాగర్ నుంచి కొత్తగా వచ్చిన కోడలు. వాళ్ల పుట్టింట్లో మగ్గం ఎప్పుడో పోయింది, మగ్గం గురించి ఆమెకేమీ తెలియదు. అత్త అటక దులపమని చెప్పి పోయిందని, ఒక గుడ్డమూట తెచ్చి నా చేతిలో పెట్టింది. మూట ముడి కొంచెం వదులుగా ఉంది. లోపల గ్రాఫు కాగితాలు కనిపించాయి. గళ్లన్నీ ఎరుపు, నలుపు, పసుపు పెన్సిళ్లతో నింపి ఉన్నాయి. పాతబడి, మడతల దగ్గర గమ్ కాగితం అతికించి ఉన్నాయి. ఎవరో పిల్లల డ్రాయింగు అనుకున్నాను. అలా అనుకున్నానని భాగ్యతో కూడా అన్నాను. కానీ పిల్లల డ్రాయింగుకు ఎవరూ అంత జాగ్రత్తగా అతుకులు వేయరని ఆ క్షణంలోనే నాకు తట్టింది. అడుగుదామా అనుకున్నాను. అడిగితే ఆమె వెనక్కి తీసుకుంటుంది, మూట తగ్గుతుంది. ముడి బిగించి భాగ్యకు అందించాను, ఆమె ఆటోలో ఎత్తింది.

గోదాముకు పోయే దారిలోనే ఆపా దుకాణం. ఆటో నిండా సామాను, పైన మేము. ఆమె బయట కూర్చుని సీసాలు కడుగుతోంది. మమ్మల్ని చూసి, మేము తన దగ్గరికే వస్తున్నామనుకుని, తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ లేచి చెయ్యెత్తింది. నేను అటువైపున్న కరెంటు స్తంభం మీద పోస్టరేదో చదువుతున్నట్టు మొహం తిప్పుకున్నాను. ఆటో దాటిపోయింది. గోదాములో పది నిమిషాల్లో జోకి డబ్బులు చేతిలో పెట్టారు. ఇంత సులువైన పనికి ఇన్నాళ్లు పిన్నులు పీకామా అని నవ్వుకున్నాం.

మర్నాడు పొద్దున ప్రాక్టీసు మధ్యలో ఆపా గ్రౌండులోకి వచ్చింది. వెంట ఒక ముసలాయన. పంచె, లోపల జేబున్న బనియను, మెడలో తువ్వాలు. ఆయన చేతులు రెండూ వణుకుతున్నాయి. పన్నెండుమంది ఉన్న చోట ఆపా ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా నా ముందుకు తెచ్చి నిలబెట్టింది.

"ఈయన సాంబయ్య. తివాచీలు నేస్తడు. ఏం పోయిందో నువ్వే జెప్పు కాకా" అంది.

ఆయన చెప్పాడు. నలభై ఏళ్లుగా తను గీసుకున్న డిజైన్లు అవి. ఏ గడిలో ఏ రంగు నూలో ఆ గ్రాఫు కాగితాలు చూసుకుంటూనే నేస్తాడు. పెద్ద ఆర్డరు ఒకటి వచ్చి మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది. పావు వంతు నేత అయింది. మిగతాది ఎలా నేయాలో చెప్పే కాగితం ఆ మూటలోనే ఉంది. "కోడలు నిన్నటి సంది అన్నం తింటలేదు బిడ్డా. నేను దాన్ని ఒక్క మాట గుడ అనలే. అది భయపడుతాంది. ఆ కాయితాలు దొరికితే దాని మనసు కుదుటపడ్తది" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కోడలి గురించి బాధపడుతున్న మనిషి ముందు నిలబడటం నా వల్ల కాలేదు. మూట గోదాములో ఉందని చెప్పేశాను.

అందరం గోదాముకు పోయాం. నిన్న తెచ్చిన కాగితమంతా అప్పటికే నొక్కి మూడు పెద్ద కట్టలు చేశారు. ఒక్కొక్కటి నా భుజం దాకా ఉంది. సాయంత్రం లారీ వస్తుంది. గోదాం సేటు చెడ్డవాడేమీ కాదు. తన లెక్క తను చెప్పాడు: "ఏ కట్టల ఉన్నదో నాకు తెల్వదు. మూడూ ఇప్పి మల్ల నొక్కాల్నంటే నాకు దినం పోతది. కావాల్నంటే కొనుక్కొని తీస్కపోండ్రి." ఆ కట్టల్లో మా కాగితమే కాదు, ఇంకెందరిదో ఉంది. వాటిని కొంటే మైసూరు డబ్బు దాదాపు అంతా పోతుంది. ఆ డబ్బు నా భుజానికున్న సంచిలోనే ఉంది, ఎందుకంటే ఆ మధ్యాహ్నమే టికెట్లకు పోవాలి.

మేము ఒక పక్కకు జరిగి మాట్లాడుకున్నాం. "ముసలాయనకు మల్ల గీసుకోరాదా?" అని ఒకమ్మాయి అంది. ఆమెను తప్పుపట్టలేను, నా నాలుక చివర కూడా అదే ఉంది. ఆపా దూరంగా ఒక రాయి మీద కూర్చుంది. నేను పోయి అడిగాను.

"ఆపా, ఏం జెయ్యాలె?"

"నేనేం జెప్త బిడ్డా? ఆటకు పోవాల్సింది మీరు."

ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. డబ్బులు ఇచ్చెయ్యమంటే ఇచ్చేసి ఆమెను జీవితాంతం తిట్టుకునేదాన్ని. వద్దంటే హాయిగా రైలెక్కేదాన్ని. రెండూ అనకుండా ఆ బరువు నా నెత్తినే వదిలేసింది. చివరికి భాగ్య వచ్చి, "మూట ఆటోల ఎత్తింది నేనే గదనే. ఇచ్చేద్దాం తీయ్" అంది. సంచి విప్పి సేటుకు ఇస్తున్నప్పుడు నా కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, అవి మంచి మనసుతో వచ్చిన నీళ్లని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

మూడు కట్టలనూ ఆపా దుకాణం వెనక దొడ్లో దింపించాం. ఇనుప పట్టీలు కోయగానే కాగితం బుసబుసా పొంగింది. పన్నెండుమందిమి, ఆపా, సాంబయ్య తాత, రాధిక, పొద్దు వాలేదాకా ఒక్కొక్క కాగితం విడదీశాం. ముప్ఫైకి పైగా గ్రాఫు కాగితాలు దొరికాయి. దొరికిన ప్రతిదాన్నీ తాత ఒళ్లో పెట్టుకుని అరచేత్తో సాపు చేసేవాడు. మగ్గం మీద ఉన్న డిజైను మాత్రం సగమే దొరికింది. మిగతా సగం మిషన్లో నలిగి ముక్కలైపోయింది. రాధిక ఆ చిరిగిన అంచు పట్టుకుని ఏడుస్తుంటే తాత, "సగం దొరికింది గద అవ్వా, సగం నా తలకాయల ఉండదా" అన్నాడు.

ఏరిన కాగితమంతా ఆపానే కొంది. ఏరినదానికి మంచి రేటు వచ్చినా, పోయిందంతా తిరిగి రాలేదు. టికెట్లు తొమ్మిదిమందికే సరిపోతాయి. ఖోఖోకు తొమ్మిదిమంది చాలు, బదులు ఆడేవాళ్లు ఉండరు, అంతే. కొత్తగా చేరిన ఇద్దరు తామే ఆగిపోతామన్నారు. మూడోదాన్ని నేను అన్నాను. "కెప్టెన్ లేకుండ జట్టేంది?" అని పీడీ సార్ మందలించారు. భాగ్య ఉంది కదా అన్నాను. నిజం చెప్పాలంటే, ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని "నువ్వు లేకపోతే మేం పోం" అంటారని ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. కాజీపేట స్టేషనులో వాళ్లను రైలెక్కించాను. కిటికీ దగ్గర సీటు భాగ్యకు వచ్చింది. రైలు కదిలాక ప్లాట్‌ఫాం మీద నిలబడి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను.

స్టేషను నుంచి బస్సెక్కి నేరుగా సాంబయ్య తాత ఇంటికి పోయాను. ఆయనకు చూపు తగ్గింది, పెన్సిలు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. మగ్గం ముందు కూర్చుంటే మాత్రం ఆ చేతులే వణకవు. కళ్లు మూసుకుని, నేస్తున్నట్టు చేతులు ఆడిస్తూ చెప్పేవాడు. "ఎర్ర ఏడు. నల్ల రెండు. మల్ల ఎర్ర ఒకటి. పసుపు..." నేను కొత్త గ్రాఫు కాగితం మీద గళ్లు నింపేదాన్ని. మధ్యలో సందేహం వచ్చి అడిగితే, "ఆపకు బిడ్డా, చెయ్యి ఆగితే మరిచిపోత" అని మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. మొదటిరోజు రాధిక తలుపు చాటున నిలబడింది. రెండోరోజు వచ్చి రంగు పెన్సిళ్లు చెక్కి ఇచ్చింది. మూడోరోజు నేను తప్పు నింపిన గడిని ఆమే పట్టుకుంది. ఆఖరి వరుసలు నేను నింపలేదు, ఆమె నింపింది. తాత కళ్లు తెరిచి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "అటక మీద పెట్టుడు ఇగ బంద్. ఇవి నీ పెట్టెల పెట్టు" అని కోడలికే ఇచ్చాడు.

మా జట్టు రెండో ఆటలో ఓడిపోయి వచ్చింది. ఒకమ్మాయి కాలు మడతపడితే బదులు దించేందుకు మనిషి లేదు. భాగ్య మైసూర్ పాక్ పొట్లం నా ఒళ్లో పడేసి, "నువ్వుంటే గెలిచేటోళ్లం" అని పోట్లాడింది. గెలిచేవాళ్లమేమో. ఇప్పటికీ నాకు తెలియదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా మైసూరు పేరు వినిపిస్తే లోపల ఎక్కడో చురుక్కుమంటుంది, దాన్ని దాచుకోను.

చదువయ్యాక నాకు స్కూల్లో పీఈటీ ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకుని ఆపా దగ్గరికి పోయాను. కంటి ఆపరేషన్ అయి, నల్లద్దాలు పెట్టుకుని ఉంది. చూడటం కుదరకపోయినా మూట విప్పడం మానలేదు. వేళ్లతోనే తడుముతోంది. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అన్నాళ్లుగా గొంతులో ఉన్నది చెప్పేశాను. "ఆపా, ఆనాడు నువ్వు చెయ్యెత్తితే నేను జూసిన. జూసి కూడ మొకం తిప్పుకున్న."

"నాకు తెల్వదా?" అంది, చేతులు ఆపకుండానే. "నువ్వు తిప్పుకునుడు నేను జూసిన. అందుకే కాకాను సీదా నీ దగ్గరికే తోలుకొచ్చిన. పన్నెండు మందిల ఎవల్ని అడగాల్నో నాకు ఫికరే లేకుండె."

"నా మీద కోపం రాలేదా?"

"వచ్చింది. రాకేం? తెల్వక జేసినోళ్లకు ఏం జేసిన్రో యాదికుండదు బిడ్డా. మొకం తిప్పుకున్నోళ్లకు మంచిగ యాదుంటది. వాళ్లతోనే పనైతది."

ఆపా పోయి నాలుగేళ్లవుతోంది. బిస్కెట్ డబ్బాలో మిగిలినవాటిని ఆ వాడవాళ్లే ఇంటింటికీ తిప్పి చాలావరకు చేర్చారని భాగ్య చెప్పింది. దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. నాకు ఆమె ఇచ్చిపోయింది తనిఖీ అలవాటు ఒక్కటే అని మా ఆయన అనుకుంటాడు. నేను సరిదిద్దలేదు.

కిందటేడు మా స్కూల్లో ఏడో తరగతి పిల్ల వినికిడి మిషను ఆటల పీరియడులో పోయింది. ప్రభుత్వం వాళ్లిచ్చింది, మళ్లీ రావాలంటే ఎన్నాళ్లో. అది లేకపోతే ఆ పిల్లకు పాఠం లేదు. పిల్లలందరినీ వరుసలో నిలబెట్టారు. హెడ్ మాస్టర్ బెత్తం పట్టుకుని "ఎవరు తీశారు?" అని అడుగుతున్నారు. అందరూ ఆయన వైపే బెదురుగా చూస్తున్నారు. వరుస చివరన ఒక అమ్మాయి మాత్రం గోడ మీద రాసిన నీతివాక్యాన్ని అదే పనిగా చదువుతోంది. సార్‌ను బతిమాలి పిల్లలను క్లాసులకు పంపించాను. ఆ అమ్మాయిని మాత్రం నాతో తీసుకుపోయి, గ్రౌండులో గీత దగ్గర కింద కూర్చోబెట్టి, పక్కనే నేనూ కూర్చున్నాను. ఎవరు తీశారని అడగలేదు. నువ్వు తీశావా అనీ అడగలేదు.

"నేను గుడ ఒకసారి నీలెక్కనే మొకం తిప్పుకున్న" అన్నాను. "జెప్పనా?"

మూట గురించి, ఆటో గురించి, రైలు గురించి చెప్పాను. ఆ అమ్మాయి గడ్డిపోచలు పీకుతూ విన్నది. తర్వాత గౌను దులుపుకుని లేచి నిలబడి, నా చెయ్యి పట్టుకుంది.

"రాండ్రి టీచర్" అంది. "ఏడున్నదో సూపిస్త."